గేటు పెట్టించు విధంబెట్టిదనిన

వెల్డరును మనం పనికి పెట్టుకుంటామని నెల్లూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు అనుకుంటారు. గృహప్రవేశం నాటికి ఆ భ్రమ తొలగిపోతుంది. నిజానికి ఆయనే మనల్ని ఎంపిక చేసుకుంటాడు. వేదాయపాళెం నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా గేట్లు, గ్రిల్సు, మెట్ల రెయిలింగులు, ట్యాంకు స్టాండ్లు, మేడ మీద రేకుల షెడ్లు కోరుతూ ఇందరు అభ్యర్థులుండగా ఆయన బండి మన వీధిలోకే మళ్లిందంటే అది పూర్వజన్మ సుకృతం.

ఎంపిక పరీక్షలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. పాత గేటు బందును బొటనవేలితో నొక్కి చూసి, నిట్టూర్చి, "ఇది ఎవరు చేశారు సార్?" అని అడుగుతాడు. జవాబు తెలిసినా చెప్పకూడదు. చేసింది ఆయన మేనమామ కావచ్చు. ఆయనే కూడా కావచ్చు. పిల్లర్ల మధ్య టేపు పట్టి, కొలతలు గోడ మీద సుద్దతో రాసి వెళ్తాడు. ఆ గోడకు రంగు వేసేలోగా తిరిగి వస్తే సరే. రంగు పడిందా, మళ్లీ టేపు, మళ్లీ నిట్టూర్పు.

ఇక ధర. కిలోల లెక్కన మాట్లాడుకుంటే గేటు ఎంత బరువైతే ఆయనకు అంత లాభం. చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటే ఎంత తేలికైతే అంత. కాబట్టి గృహస్థులు బుద్ధిగా చదరపు అడుగు లెక్క ఎంచుకుని, అందులోనూ బేరమాడి, గెలిచామనుకుంటారు. 12 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ మీటరుకు 1.13 కిలోలు తూగుతుంది, 10 మిల్లీమీటర్లది 0.785 కిలోలు. కంటికి ఆనని ఆ రెండు మిల్లీమీటర్లలో 30 శాతం ఇనుము మాయమవుతుంది. మనం తగ్గించిన రూపాయలు సరిగ్గా అక్కడికే పోయాయి. ఇందులో మోసమేమీ లేదు. మనం బేరం చేశాం, కడ్డీ చిక్కిపోయింది.

గేజు సంగతి ఇంతకన్నా రసవత్తరం. పైపు రేకు మందాన్ని గేజులలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 16 గేజు అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2. ఇది తెలియని యజమాని ఛాతీ విరుచుకుని, "16 ఎందుకయ్యా, ఖర్చయితే అయింది, 18 వెయ్యి" అని ఆజ్ఞాపిస్తాడు. వెల్డరు వాదించడు. "మీ ఇష్టం సార్" అంటాడు. మొత్తం వ్యవహారంలో ఆయన మన మాటను మారు పలకకుండా వినే సందర్భం ఇదొక్కటే. ఆ పలచని పైపుకు 3.15 మిల్లీమీటర్ల వెల్డింగు రాడ్డు తగిలించి కరెంటు కాస్త పెంచితే చాలు, చిల్లు పడుతుంది. చిల్లును మరో రాడ్డు కరిగించి పూడుస్తారు, పూడికను గ్రైండరుతో అరగదీస్తారు, అరగదీసిన చోట లప్పం పెడతారు, లప్పం మీద రంగు కొడతారు. ఆ తర్వాత గేటులో లప్పాన్ని ఇనుము నిలబెట్టిందో, ఇనుమును లప్పం నిలబెట్టిందో తేల్చగలవారు లేరు.

స్టీలు రెయిలింగు దగ్గర వీధికొక అయస్కాంతం పెద్దమనిషి తయారవుతాడు. ఉద్యోగ విరమణ చేసి, జేబులో అయస్కాంతం వేసుకుని తిరుగుతుంటాడు. గొట్టానికి తాకించి, అంటుకోలేదని చూసి, "అసలైన 304 రకం స్టీలు, నిశ్చింతగా ఉండండి" అని తీర్పు ఇస్తాడు. దానికన్నా చవకైన 202 రకం కూడా అయస్కాంతానికి అంటుకోదు. 304లో నికెల్ కనీసం 8 శాతం ఉంటుంది, 202లో 4 నుంచి 6, తక్కువపడినదానికి మాంగనీసు కలుపుతారు. తేడా కనిపెట్టేది సముద్రం. మైపాడు వైపు నుంచి వీచే ఉప్పుగాలికి ఆ రెయిలింగు మీద కొన్నాళ్లకు టీ మరకల్లాంటివి తేలతాయి. అప్పటికి పెద్దమనిషి మరో వీధిలో తీర్పులు చెబుతుంటాడు.

తేదీల విషయంలో మనవాళ్లకు శ్రీహరికోట అలవాటు చెడ్డది. మొన్న 2022లో జిల్లాలు విడదీసే దాకా అది మన జిల్లాలోనిదే మరి. అక్కడ కౌంట్‌డౌన్ ఆపితే కారణం ప్రకటిస్తారు. వెల్డరు కూడా ప్రకటిస్తాడు: గ్రైండరు బ్రష్షులు అయిపోయాయి, మిషను కాయిలు కాలిపోయింది, కుర్రాడు కృష్ణపట్నం ప్లాంటు పనికి వెళ్లాడు. చివరిది మాత్రం నమ్మాల్సిన కారణం. చేయి తిరిగిన కుర్రాడెవడూ మన గేటు దగ్గర ఆగడు. ప్లాంటుకో గల్ఫుకో పోతాడు. మిగిలినవాడు మన ఇంటికి వస్తాడు.

మనమిచ్చిన అడ్వాన్సుతో ముందువాడి గేటుకు ఇనుము వస్తుంది, మన ఇనుము తర్వాతివాడి అడ్వాన్సుతో వస్తుంది. దీన్ని ఆడిపోసుకునేవాళ్లతో నేను ఏకీభవించను. ఇనుము కొట్టువాడు అప్పివ్వడు, బ్యాంకు ఆయన మొహం చూడదు, మనమేమో పని అయ్యాక కూడా "రంగు ఆరనీ" అని బాకీ నెలల తరబడి ఆపుతాం. మరి ఆయన ఏ చెరువులో పడి ఇనుము తేవాలి?

వచ్చిన రోజు వైభవం వేరు. మీటరు దగ్గర నుంచి తీగ లాగగానే ఇంట్లో లైట్లు గుడ్డిదీపాలవుతాయి. ఆయనకు నల్లద్దం ఉంటుంది, పక్కన కడ్డీ పట్టుకున్న కుర్రాడికి ఉండదు, మూడు మెట్ల కింద గుడ్లప్పగించి చూసే మన పిల్లలకూ ఉండదు. అర్ధరాత్రి వాళ్లు కళ్లలో ఇసుక పడిందని ఏడ్చినప్పుడు, ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటిపొరను కాల్చాయని డాక్టరు చెప్పాలి. ఇక గ్రైండరు. చీమకుర్తి నల్లరాయి మెట్లు మోజుపడి వేయించుకుంటాం కదా, నలుపులో బంగారు రవ్వలు మెరిసేది. గ్రైండరు నుంచి ఎగిరిన ఇనుప రజను ఆ రాతి మీద పడుతుంది. ఆ పూట తుడిచెయ్యకపోతే, వానపడ్డ వారానికి ప్రతి బంగారు రవ్వ పక్కన ఒక తుప్పు చుక్క వెలుస్తుంది. తడిగుడ్డ వేసి కప్పవచ్చునని ఎవరికీ తోచదు. మేస్త్రీకి పని కాదు, మనకు జ్ఞానం లేదు.

గేటుకు రెడ్ ఆక్సైడ్ పూసి, "ఇది ఆరాక వచ్చి రంగు వేస్తాను" అని వెళ్తాడు. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రెడ్ ఆక్సైడ్ అన్నది అడుగు పూత, వానను ఆపే పూత కాదు. అయినా కార్తీకమంతా అదొక్కటే కట్టుకుని గేటు తడుస్తుంది. బందులు సడలి, కొస కిందికి జారి, తీసినప్పుడల్లా సిమెంటు మీద పావు వృత్తం గీస్తుంది. ఆ గీత ఎంత లోతుంటే బేరం అంత గట్టిగా ఆడామన్నమాట.

ఇన్నాళ్లకు నాకొక పరిష్కారం తోచింది. ఏటా రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరికకొక రొట్టె దొరుకుతుంది: పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె. కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవారికి ఇవ్వాలి. ఇందులో గేటు రొట్టెను చేర్చాలని నా విన్నపం. ఒక్కటే చిక్కు. ఇవ్వడానికి ముందు ఎవరో ఒకరికి గేటు పూర్తికావాలి. అందాకా సొంతింటి రొట్టె పుచ్చుకునేవారు, ఇంట్లోనే గేటు కూడా కలిసి ఉందా అని గట్టిగా అడిగి పుచ్చుకోగలరు.