తాళం గట్టిదే, లోపల ఎవరున్నారు?

ఎన్నడూ కలుసుకోని ఇద్దరు, పదిమంది వింటుండగానే సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుని, ఆ పదిమందికీ అందని రహస్య కీని (సందేశాలకు తాళం వేసి తీసే రహస్య సంఖ్యను) తయారుచేసుకోవచ్చని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో చూపించారు. అయితే అది ఇద్దరి లెక్క. మూడోవారు వచ్చి చేరగానే చిక్కులు మొదలవుతాయి. ఇంగెమార్సన్, టాంగ్, వాంగ్ 1982లో ఆ పద్ధతిని గుంపులకు విస్తరించారు. గుంపు ఎంత పెద్దదైనా రెండే విడతల ఇచ్చిపుచ్చుకోవడంలో పని ముగించే దారిని 1994లో బర్మెస్టర్, డెస్మెట్ కనిపెట్టారు. ముగ్గురికైతే ఒక్క విడత చాలని 2000లో ఆంట్వాన్ జూ తేల్చారు. నలుగురు, అంతకు మించి ఉన్న గుంపు ఒకే విడతలో కీ కుదుర్చుకునే ఆచరణయోగ్యమైన పద్ధతి మాత్రం నేటికీ లేదు.

ఈ గుంపు పద్ధతులు సభ్యులందరూ ఒకే వేళకు మేలుకుని ఉంటారన్న నమ్మకంతో పుట్టినవి. ఫోన్లు అలా ఉండవు. ఒకటి చార్జింగ్ అయిపోయి ఆగిపోతుంది, మరొకటి సిగ్నల్ అందని చోట ఉంటుంది. అందుకే మెసేజింగ్ యాప్‌లు ఈ గణితాన్ని పక్కనపెట్టి మోటు దారి పట్టాయి. ప్రతి సభ్యుడూ తన కీని తానే తయారుచేసుకుని, మిగతావారిలో ఒక్కొక్కరికీ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసిన రూపంలోకి మార్చి) పంపుతాడు. సెండర్ కీ అనే ఈ ఏర్పాటును వాట్సాప్, సిగ్నల్ రెండూ చేపట్టాయి. సందేశం పంపడం ఇందులో తేలిక. ఇబ్బందంతా ఎవరినైనా తొలగించినప్పుడే. వెయ్యి మంది ఉన్న గుంపు నుంచి ఒకరిని తీసేస్తే, మిగిలినవారందరూ కొత్త కీలు చేసి ఒకరికొకరు పంపుకోవాలి. మొత్తం కలిపితే అది దాదాపు పది లక్షల పంపకాలు. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఒక సభ్యుడి ఫోనులోని కీలు దొంగ చేతికి చిక్కితే, వాటిని మార్చేదాకా ఆ దొంగ గుంపు మాటలు వింటూనే ఉంటాడు.

ఈ రెండింటికీ మందుగా వచ్చిందే మెసేజింగ్ లేయర్ సెక్యూరిటీ, క్లుప్తంగా ఎంఎల్‌ఎస్. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2018లో ఇందుకోసం బృందాన్ని ఏర్పాటు చేసి, 2023 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 9420 అనే ప్రమాణ పత్రంగా దాన్ని వెలువరించింది. ఇందులో గుంపు మెట్టుమెట్టుకూ రెండేసి కొమ్మలుగా చీలే ఒక వృక్షం. సభ్యులు ఆకుల దగ్గర ఉంటారు. తన ఆకు నుంచి పైకొన వరకు ఉన్న దారిలోని రహస్యాలే ఒక్కో సభ్యుడికి తెలుస్తాయి. పైకొనలోని రహస్యం నుంచి గుంపు కీ వస్తుంది. ఎవరైనా తన కీలు మార్చుకోదలిస్తే, తన దారిలోని రహస్యాలను కొత్తవాటితో నింపి, పక్క కొమ్మలకు ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే చాలు. అవతలివారు ఆ క్షణంలో ఆన్‌లైన్‌లో ఉండనక్కర్లేదు. వెయ్యి మందికి దాదాపు పది మెట్లతో పని ముగుస్తుంది. దొంగిలించిన పాత కీలు అక్కడితో చెల్లవు. ఎంఎల్‌ఎస్‌ను పొగిడేవారు తరచూ మింగేసే మాట ఒకటుంది: తొలగింపులు జరిగేకొద్దీ వృక్షంలో ఖాళీలు పడతాయి, అవి నిండేదాకా ఖర్చు పెరుగుతూ మళ్లీ ఒక్కొక్కరికీ పంపే స్థితికి చేరువవుతుంది. అయినా మునుపటితో పోలిస్తే ఇది పెద్ద ముందడుగే.

కీ తయారీ సమస్య చాలావరకు తీరిపోయిందనే నా అభిప్రాయం. తీరనిది సభ్యత్వం. జర్మనీలోని బోకుం రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వాట్సాప్ గ్రూపుల్లో ఒక లొసుగును బయటపెట్టారు. కొత్త సభ్యుణ్ని చేర్చే సందేశంపై, దాన్ని పంపింది అడ్మినేనని రుజువుచేసే డిజిటల్ సంతకం లేనందున, సర్వర్‌పై అదుపు ఉన్నవారు తమకు కావలసిన మనిషిని గుంపులోకి దించగలరు. ఫలానావారు చేరారన్న సూచన ఫోన్లలో కనిపించే మాట నిజమే. వందల మంది ఉన్న గుంపులో దాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఇక్కడ ఏ ఎన్‌క్రిప్షనూ విరగలేదు. అందరి ఫోన్లూ ఆ కొత్త మనిషికి పద్ధతి ప్రకారమే కీలు అందిస్తాయి.

ఎంఎల్‌ఎస్ ఈ తలుపు మూసింది. ప్రతి చేర్పూ, ప్రతి తొలగింపూ సంతకంతో రావాలి. సభ్యుల జాబితా కీ లెక్కలోనే కలిసిపోతుంది కాబట్టి, ఇద్దరి దగ్గర వేర్వేరు జాబితాలుంటే వారి కీలు కలవవు. కానీ ఆ సంతకం నిజంగా ఆ మనిషిదేనని చెప్పేదెవరు? ప్రమాణం ఆ బాధ్యతను ఆథెంటికేషన్ సర్వీస్ అనే బయటి వ్యవస్థకు వదిలేసింది. ఆ సర్వీసు సాధారణంగా యాప్ కంపెనీదే, అంటే మనం నమ్మనక్కర్లేదనుకున్న కంపెనీదే. ఇద్దరి కీల నుంచి సిగ్నల్ తయారుచేసి ఇచ్చే 60 అంకెల భద్రతా సంఖ్యను వారిద్దరూ పోల్చి, అవతలి కీ నిజమైనదేనా అని చూసుకోవచ్చు. యాభై మంది గుంపులో జతలు 1,225. ఎవరు పోలుస్తారు? కీల జాబితాను ఎవరైనా తనిఖీ చేయగలిగే చిట్టాలో ఉంచే కీ ట్రాన్స్‌పరెన్సీ వైపు వాట్సాప్ 2023లో మళ్లింది, అదే ఏడాది ఆపిల్ కూడా తన మెసేజింగ్ సేవ ఐమెసేజ్‌లో అలాంటి ఏర్పాటు తెచ్చింది. ఆలస్యంగానైనా సరైన పని. (పొరపాటున చేర్చిన మనిషిని ఏ చిట్టా ఆపలేదు: 2025 మార్చిలో అమెరికా ఉన్నతాధికారుల సిగ్నల్ గ్రూపులోకి ఒక పత్రికా సంపాదకుడు వచ్చింది అలాగే.)

వేర్వేరు నెట్‌వర్క్‌లు కలిసినప్పుడు ఈ సభ్యత్వ సమస్య ఇంకా ముదురుతుంది. యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద మెసేజింగ్ సంస్థలు అడిగిన ఇతర యాప్‌లతో కలవాలంటోంది. ముందు ఇద్దరి సంభాషణలు, ఆ తర్వాత గ్రూపులు. సాంకేతిక మార్గం కోసం ఐఈటీఎఫ్‌లో మిమి అనే బృందం పనిచేస్తోంది. దాని నమూనాలో ఒక్కో గదికి (గుంపు సంభాషణకు) అందరి సందేశాలూ తన మీదుగా సాగనిచ్చే ఒక హబ్ సర్వర్ ఉంటుంది. సభ్యత్వంలోనో కీలలోనో ఇద్దరు ఒకేసారి మార్పు పంపితే ఒకటే చెల్లుతుంది కనుక, ఏది ముందో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని హబ్‌ది. అది సందేశాలు చదవలేదు, నిజమే. అయితే ఒక సభ్యుణ్ని తొలగించే మార్పును మిగతావారికి చేరకుండా అది తొక్కిపెట్టగలదు. ఆ మార్పు అందనివారు పాత కీతోనే రాస్తూ ఉంటారు, తొలగించామనుకున్న మనిషి చదువుతూనే ఉంటాడు.

యాప్‌లను ఇలా కలిపే అనుసంధాన నిబంధనల చర్చంతా ఎన్‌క్రిప్షన్ బలం తగ్గకూడదన్న మాట చుట్టూనే తిరుగుతోంది. తొలగింపు అన్ని నెట్‌వర్క్‌ల సభ్యులకూ ఎంతసేపట్లో చేరాలి, చేరలేదని పంపినవారికి ఎలా తెలియాలి, ఒక కంపెనీ ధ్రువీకరించిన గుర్తింపును మరో కంపెనీ వినియోగదారుడు ఏ ఆధారంతో ఒప్పుకోవాలి అన్న షరతులు కూడా ఆ నిబంధనల్లో ఉండాలి. వీటికి జవాబివ్వని సంస్థకు హబ్ నడిపే అనుమతి ఇవ్వకూడదు.