పంపకాలకు పెద్దమనిషి: 38,16,54,729

కృష్ణా నీళ్ల పంచాయితీ ఎందుకు తెగడం లేదో నాకు తెలిసిపోయింది. తప్పు నాయకులది కాదు, అంకెలది. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మొదట ఇచ్చింది 800 టీఎంసీలు. ఇద్దరికైనా, ఎనిమిదిమందికైనా సుఖంగా పంచొచ్చు. అక్కడితో ఊరుకోకుండా పునరుత్పత్తి జలాలంటూ (వాడాక తిరిగి నదిలోకి చేరే నీళ్లు) మరో 11 కలిపి 811 చేశారు. 811 ప్రధాన సంఖ్య! ఏ ఎక్కంలోనూ పోదు. దాన్ని తెచ్చి రెండు రాష్ట్రాల మధ్య పెడితే ఏ ఇంజనీరు మాత్రం ఏం చేస్తాడు? 2015లో తాత్కాలికంగా 512, 299 అని సర్దుకున్నారు. మన దగ్గర తాత్కాలికమంటే ఎన్నేళ్లో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి నా వినతి: ఇకమీదట ఏ పంపకానికైనా 38,16,54,729ని పెద్దమనిషిగా కూర్చోబెట్టండి. దాని నడవడి చూడండి. 1 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కోసారే ఉన్నాయి, ఎవరికీ రెండో టికెట్ లేదు. ఎడమ నుంచి రెండంకెలు తీస్తే 38, రెండో ఎక్కంలో పోతుంది. మూడు తీస్తే 381, మూడో ఎక్కంలో పోతుంది. 3816 నాలుగులో, 38165 ఐదులో, అలా తొమ్మిది దాకా. ఈ తొమ్మిది అంకెలను అటూ ఇటూ మార్చి 3,62,880 సంఖ్యలు రాయొచ్చు. ఈ గుణం ఉన్నది మాత్రం ఇదొక్కటే.

ఎంపికలో కూడా అవకతవకలేం లేవు. సున్నా పోటీలో లేదు కాబట్టి ఐదో స్థానంలో 5 ఏకగ్రీవం. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాలు సరి అంకెలకు రిజర్వు. తొమ్మిదోవాడికి పరీక్షే లేదు. అంకెలన్నీ కూడితే 45, ఏ వరసలో నిలబెట్టినా తొమ్మిదో ఎక్కంలో పోవాల్సిందే. (ప్రతి కమిటీలోనూ ఇలాంటి సభ్యుడు ఒకడుంటాడు.) అసలు పేచీ 7తోనే. మిగతా షరతులన్నీ దాటి పదిమంది చివరిదాకా వస్తారు. అందులో 98,76,54,321 కూడా ఉంది. చూడగానే దండం పెట్టాలనిపించే వరస, ఫ్యాన్సీ నంబర్ల వేలంలో పెడితే ఎగబడి కొంటారు. కానీ 98,76,543ని ఏడుతో భాగించండి, శేషం 5. డిపాజిట్ గల్లంతు! మిగతా ఎనిమిదీ అంతే. మనవాడు మాత్రం 38,16,547 దగ్గర 5,45,221 అని తడుముకోకుండా జవాబిచ్చాడు.

తొమ్మిదిమందితో సరిపెట్టుకునే రాజకీయం కాదు మనది, తెలుసు. సున్నాకూ చోటిచ్చి, అంకెలు మళ్లీ మళ్లీ రావొచ్చని నిబంధన సడలిస్తే 25 అంకెల పెద్దాయన ఒకరున్నారు: 3608528850368400786036725. ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా ఎవరినీ నొప్పించడు. ఆపైన ఈ పద్ధతిలో సంఖ్యే లేదు. ఈయన చివర ఏ అంకె తగిలించినా 26తో భాగిస్తే శేషం మిగులుతుంది.

చిక్కల్లా ఇక్కడే. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు శాసనసభ బలంలో 15 శాతం దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి లెక్కేస్తే 26.25. పావు మంత్రిచేత ప్రమాణం చేయించలేం కనుక 26. గణితం ఒక కుర్చీ తక్కువేసింది. ఆ ఇరవై ఆరో ఆయన అలిగి అనుచరులతో సమావేశం పెట్టేలోపు ఏదో ఒక కార్పొరేషన్‌కు చైర్మన్‌ను చేసేయండి.