సవరణ: వోలటైల్ ఒక్కటే చాలదు

సీరియల్ రిసీవ్ ఇంటరప్ట్ (సీరియల్ లైన్లో బైటు రాగానే మెయిన్ లూప్‌ను కాసేపు ఆపి నడిచే కోడ్) గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

చిన్నది ముందు. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) దగ్గర బైటుకు 8.7 మైక్రోసెకన్లు అన్నాను. అది ఒక్క బిట్‌కు పట్టే సమయం. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు 10 బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. 16 మెగాహెర్ట్జ్ ఏటీమెగా328పీ చిప్‌లో దాదాపు 1,390 క్లాక్ సైకిళ్లు. బైటుకీ బైటుకీ మధ్య టైము నేను భయపెట్టినంత ఇరుకేం కాదు.

రెండోదే అసలు తప్పు. వచ్చిన బైట్లను దాచే రింగ్ బఫర్‌లో (చివరికొస్తే మళ్లీ మొదటికి తిరిగేది) హెడ్, టెయిల్ అని రెండు ఇండెక్స్‌లు: ఇంటరప్ట్ రాసే చోటు హెడ్, మెయిన్ లూప్ చదివే చోటు టెయిల్. వాటిని సీ భాషలో వోలటైల్‌గా పెడితే చాలన్నాను. చాలదు. ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని అది కంపైలర్‌కు చెబుతుంది, అంతే. చదవడం మధ్యలో తెగదన్న హామీ లేదు. ఇది 8 బిట్ చిప్; నా 512 బైట్ల బఫర్‌కు ఇండెక్స్ 16 బిట్లు, చదవాలంటే రెండు ఇన్‌స్ట్రక్షన్లు. హెడ్ 255 ఉండగా మెయిన్ లూప్ కింది బైటు చదివింది. ఈలోగా ఇంటరప్ట్ హెడ్‌ను 256 చేసింది. తర్వాత పై బైటు చదివితే, పాత కింది బైటు (255), కొత్త పై బైటు (256) కలిసి చేతికొచ్చేది 511! రాని 255 బైట్లు వచ్చాయనుకుని పాత చెత్తంతా చదివేస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్ కదా, వైరు లూజనుకుని కనెక్టర్లు మార్చినవాణ్ని నేనే.

ఎస్‌టీఎం32 లాంటి 32 బిట్ చిప్‌లలో ఈ చీలిక రాదు. అక్కడ నడిచిన కోడ్‌నే ఇక్కడికి తెచ్చాను.

బఫర్‌ను 256కు దించి ఇండెక్స్‌ను 8 బిట్లు చేస్తే గొడవ పోతుంది. ఎలాగూ ర్యామ్ ఉన్నది 2 కిలోబైట్లే. 512 కావాల్సిందేనంటే, మెయిన్ లూప్‌లో హెడ్ చదివేటప్పుడు, టెయిల్ రాసేటప్పుడు మాత్రం ఇంటరప్ట్‌లు ఆపి, ఎస్‌రెగ్‌ను (ఇంటరప్ట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో చెప్పే స్టేటస్ రిజిస్టర్) పాత విలువకే తేవాలి.