మామగారు వచ్చారంటే ఎంతమంది మామలు వచ్చినట్టు?

ఇంగ్లీషు భాష సర్వనాశనం అయిపోతోందట. ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది నాకు, అదీ మా టీమ్ లీడ్ గారి దయ వల్ల. కొత్తగా చేరిన ఒకరు వీడియో కాల్‌లో తమ పేరు పక్కన 'దే/దెమ్' అని పెట్టుకున్నారు, అంటే తమ గురించి మాట్లాడేటప్పుడు 'హి', 'షి' అనే సర్వనామాలు కాక 'దే' వాడమని. చక్కగా పరిచయం చేసుకున్నారు, పని గురించి మా అందరికంటే మంచి ప్రశ్నలే అడిగారు, కాల్ కట్ చేశారు. స్క్రీన్ మీద ఆ పెట్టె మాయమైందో లేదో ఈయన మొదలుపెట్టాడు. "ఇంతకీ ఎంతమంది జాయినయ్యారండీ? లాప్‌టాప్ ఒకటి చాలా, రెండు ఇప్పించాలా?" అందరూ పకపకా నవ్వు. ఆ నవ్వుకి ఇంకాస్త ఊపొచ్చి, "అయితే నా ప్రొనౌన్స్ గారు/గారు, రేపట్నుంచి అలాగే పిలవండి" అన్నాడు.

బాబూ, చేరిన రోజు నుంచీ నిన్ను అలాగే పిలుస్తున్నాం. నువ్వు అడగలేదు, పేరు పక్కన పెట్టుకోలేదు, అయినా పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. అడక్కుండా దొరికినవాడికి అడిగి తీసుకునేవాళ్ళంటే నవ్వులాటే మరి.

పైగా ఒక శాస్త్రోక్తమైన కారణం. "జోకులు పక్కన పెట్టండి, గ్రామర్ అనేది ఒకటుంది కదా, ఒక్క మనిషికి బహువచనం ఏమిటి?" ఈ మాట అన్నది ఎవరు? తెలుగువాడు! మామగారు వస్తున్నారు, స్టేషన్‌కి వెళ్ళండి అని ఇంట్లో చెప్తే ఈయన కారు తీస్తాడా, టూరిస్టు బస్సు మాట్లాడతాడా? కలెక్టర్ గారు సంతకం పెట్టారంటే ఎంతమంది కలెక్టర్లు క్యూ కట్టి పెట్టారనుకుంటాడు? పుట్టినప్పటి నుంచీ ఒక్క మనిషికి బహువచనం వాడుతూ బతికే జాతి మనది. ఆ అలవాటు ఇంగ్లీషువాడికి కొంచెం అంటుకునేసరికి ఇక్కడ గుండెలు బాదుకోవడం.

అసలు ఈయన రోజంతా అందర్నీ అనే 'యు' కూడా బహువచనమే. ఒక్కరిని అనడానికి 'దౌ' అని వేరే మాట ఉండేది. పెద్దవాళ్ళకి మర్యాదగా 'యు' అనీ అనీ, చివరికి పిల్లాడికీ పిల్లికీ అదే మిగిలింది. 17వ శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ఒక్క మనిషిని 'యు' అనడం తప్పు, మేం అనం గాక అనం అని భీష్మించి తిట్లూ తన్నులూ తిన్నారు. అప్పటి టీమ్ లీడ్‌లు అన్నమాట. పోనీ 'దే' నిన్న పుట్టిందా? 14వ శతాబ్దం నుంచే ఒక్కరికి వాడిన దాఖలాలు ఉన్నాయి. షేక్‌స్పియర్ వాడాడు, జేన్ ఆస్టిన్ వాడింది. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, మా మీటింగ్ రూములో వచ్చింది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి ఉంది, చెప్పకపోతే నిద్రపట్టదు. నేను చదివింది ఆడపిల్లల స్కూల్లో. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో 'ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్' అని రాశాను. టీచరమ్మ 'దెయిర్' చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పైన 'హిజ్' అని రాసి, అరమార్కు కోసింది. ఆ క్లాసులో మగవాళ్ళంటే గోడ మీద గాంధీగారి పటం ఒక్కటే. గాంధీగారు హాల్ టికెట్ తెచ్చుకోవాలి కాబోలు! అడిగితే "రూల్ అంతే, మగవాడిని అంటే ఆడవాళ్ళూ అందులోకే వస్తారు" అంది. తీరా 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీవాళ్ళు ఈ 'దే'నే ఆ ఏడాది మాటగా ఎంచారు. అదే ఏడాది, ప్రపంచమంతా రీసెర్చి పేపర్లు రాసుకునే ఏపీఏ పద్ధతిలో కూడా ఒక్కరికి 'దే' వాడమనే చెప్పారు. సంతోషం. నా అరమార్కు ఎవరిస్తారు ఇప్పుడు?

ఆ టీచరమ్మని మాత్రం ఏమంటాం. రూల్ పైనుంచే వచ్చింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు మగ మాటల్లో ఆడవాళ్ళు కూడా కలిసే ఉంటారని చట్టం చేసుకుంది. 1860 నాటి మన ఐపీసీలోనూ 'హి' అంటే ఆడైనా మగైనా అని రాశారు. మొన్న 2024 జులైలో దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో ఇంకో అడుగు ముందుకేసి 'హి' అంటే మగ, ఆడ, ట్రాన్స్‌జెండర్ ఎవరైనా అన్నారు. అంటే కోట్లమంది ఆడవాళ్ళు నూట అరవై ఏళ్ళకు పైగా కాగితం మీద 'హి'గా బతికితే ఒక్క మగాడికీ నవ్వు రాలేదు. లాప్‌టాప్ జోకులు అప్పుడేమయ్యాయో. నేను రోజూ 'డియర్ సర్' అని మొదలయ్యే మెయిళ్ళకి జవాబులు రాస్తాను, పేరు చూస్తే ఆడపేరని పసిపిల్లాడికైనా తెలుస్తుంది, దాని గురించి ఏ మీటింగ్‌లోనూ ఎవరూ గ్రామర్ మాట్లాడరు.

క్రికెట్ చూడండి. 2021లో ఆ ఆట రూల్స్ రాసే ఎంసీసీ క్లబ్బు వాళ్ళు రూల్ బుక్కులో 'బ్యాట్స్‌మన్' తీసేసి 'బ్యాటర్' అని పెట్టారు. అబ్బో, ఆ వారమంతా మా ఆఫీసు క్యాంటీన్‌లో సంతాప సభ! ఆటలో మజా పోయిందట. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ 1999 నుంచి దేశానికి బ్యాట్ పట్టుకుని నిలబడ్డారు, ఆవిడని 'మన్' అన్నన్నాళ్ళూ ఎవరికీ ఏ మజా తగ్గలేదు.

"ఇదంతా అమెరికా పైత్యం, మన దగ్గర ఇవి లేవు" అనేవాళ్ళు కూడా తయారు. మన దగ్గర లేవా? హిజ్రాలు ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారంట్ లేకుండా పట్టుకెళ్ళొచ్చని 1919 నాటి నిజాం కాలపు చట్టం ఇదే హైదరాబాద్‌లో పుస్తకంలో ఉంది, 2023 జులైలో హైకోర్టు కొట్టేసేదాకా. నిన్న మొన్నటి మాట ఇది. ఆ కొత్తగా చేరినవారు ఎవరో, ఏమిటో నాకు తెలీదు, నాకు అనవసరం కూడా. పేరు చెప్పినట్టే ఇదీ చెప్పారు. అలా పిలిస్తే మన నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు కదా.

సరే, ఇంగ్లీషు వదిలేద్దాం, అది ఇంగ్లీషువాడి తలనొప్పి. నాకు అసలు మండేది ఇంట్లో తెలుగు గురించి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో, అంటే 1858 నాటి సంగతి, నామవాచకాలకి ఒక విభజన ఉంది. ఆడవాళ్ళు, జంతువులు, ప్రాణం లేని వస్తువులు, ఇవి కాక మిగిలినవాళ్ళు మహత్తులు. మిగిలింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆయన కొత్తగా పెట్టిందేం లేదు, మన నోళ్ళలో ఉన్నదే రాశాడు. కూతురు వచ్చింది, కుక్క వచ్చింది, కరెంటు వచ్చింది. కొడుకు మాత్రం వచ్చాడు. మా నాన్నమ్మ మా అమ్మని చివరిదాకా 'అది' అనే అంది. "అది కాఫీ ఇచ్చిందా?" మా నాన్న మాత్రం పుట్టిన మర్నాటి నుంచి 'బాబుగారు'.

పోనీ ఆడా మగా గొడవ ఒక్కటేనా? మా అపార్టుమెంటు వాచ్‌మన్ అరవై దాటిన మనిషి. ఒకటో తరగతి పిల్లలు కూడా "వాడేడి?" అంటారు, తల్లిదండ్రులు పక్కనే ఉండి వింటారు. బిల్డర్ కొడుకు, ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు, వాడొస్తే అసోసియేషన్ మొత్తం "వారొచ్చారు" అని లేచి నిలబడుతుంది. క్రితం ఏడాది వాచ్‌మన్ కొడుక్కి ఎస్సై ఉద్యోగం వచ్చింది. ముందు రోజు సాయంత్రం దాకా "వాడి కొడుకేదో పరీక్షలు రాస్తున్నాడట" అన్న సెక్రటరీ, మర్నాడు పొద్దున లిఫ్ట్ దగ్గర "ఎస్సై గారు ఊళ్ళోనే ఉన్నారా?" అని ఆ తండ్రినే అడిగాడు. అడిగి, అదే ఊపిరిలో "ఏరా, మోటార్ ఆపావా?" అన్నాడు. కొడుకు గారయ్యాడు, తండ్రి రా దగ్గరే ఉన్నాడు. ఒక్క రాత్రిలో సర్వనామం మార్చేసుకోగల ఈ నాలుకలకే 'దే' అనడం అలవాటు కావట్లేదట, కష్టంగా ఉందట, పాపం.

పేపర్లు మాత్రం ఏం తక్కువ? ఒకే పేజీలో పైన "మాజీ ఎమ్మెల్యే మాతృమూర్తి కన్నుమూశారు", కింద "లారీ ఢీకొని పారిశుద్ధ్య కార్మికురాలు మృతి చెందింది". చావులో కూడా ఒకరు మూశారు, ఒకరు చెందింది. దీని మీద ఒక్క భాషాభిమాని సంపాదకులకి ఉత్తరం రాసిన పాపాన పోలేదు. మన భాషాభిమానమంతా పరాయి భాషలోని ఒక చిన్న మాట మీదే.

"మేడమ్, గ్రామర్ గురించి మొదలుపెట్టి కులాలూ అంతస్తులూ ఎందుకు తెచ్చారు" అని అడగబోతున్నవాళ్ళకి ముందే చెప్తున్నా. నేను తేలేదు. 'వాడు' నుంచి 'వారు' దాకా మెట్లు కట్టి, ఎవర్ని ఏ మెట్టు మీద నిలబెట్టాలో పిల్లలకి అన్నం ముద్దలతో కలిపి తినిపించింది నేను కాదు.