పదిహేడు ముక్కలు గుర్తున్నాయి, పాటలేవి?

మే 26కూ జూన్ 2కూ మధ్య సరిగ్గా వారం రోజులు. మొదటి తేదీన భువనగిరిలో గాయని బెల్లి లలిత ఫొటోకు వర్ధంతి దండ పడుతుంది. నాటి సహచరులు, ప్రజాసంఘాలవాళ్లు నాలుగు మాటలు చెప్పుకుని, రెండు పాటలు పాడుకుని, ఎండ ముదిరేలోపు ఇళ్లకు మళ్లుతారు. రాష్ట్రావతరణ దినమైన రెండో తేదీన రాష్ట్రమంతటా వేదికలు లేస్తాయి, డప్పులు మోగుతాయి, గొంగడి భుజాన వేసుకున్న కళాకారులు తెలంగాణ పాట ఎత్తుకుంటారు, మంత్రులూ మాజీ మంత్రులూ తాళం వేస్తారు. మొదటి తేదీన కనిపించని పెద్దమనుషులంతా రెండో తేదీన ముందు వరుసలో కూర్చుంటారు. ఈ వారం రోజుల దూరాన్ని ఏ ప్రభుత్వమూ దాటలేకపోయింది. రాష్ట్రం వచ్చి దశాబ్దం గడిచినా దాటలేకపోయిందంటే, దాటాలన్న కోరికే లేదని మేము అనుకోవలసి వస్తోంది.

లలిత ఎవరో మా పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. ఒగ్గుకథను తరతరాలుగా మోసుకొచ్చిన కురుమల బిడ్డ. భువనగిరి స్పిన్నింగ్ మిల్లులో కూలికి చేరి, కార్మిక సంఘంలోంచి తెలంగాణ జనసభలోకీ, తెలంగాణ కళాసమితిలోకీ నడిచి వచ్చిన గాయని. 1999 మే 26న ఆమెను చంపి, దేహాన్ని పదిహేడు ముక్కలు చేసి, భువనగిరి చుట్టుపక్కల వేర్వేరు చోట్ల పడేశారు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. బతికిన ఏళ్లకన్నా చనిపోయాక గడిచిన ఏళ్లే ఇప్పుడు ఎక్కువ.

ఆ పదిహేడు అన్న అంకె అందరికీ తెలుసు. బెల్లి లలిత పేరెత్తగానే, ఆమెను ఎన్నడూ చూడని ఇరవై ఏళ్ల కుర్రవాడు కూడా ఆ అంకె చెబుతాడు. ఆమె పాడిన పాట ఒక్కటి, కనీసం ఒక్క పల్లవి అందుకోమంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. తప్పు ఆ కుర్రవాడిది కాదు. అతనికి ఎవరూ వినిపించలేదు. చంపినవాళ్లు కోరుకున్నది సరిగ్గా ఇదే: ఆ పేరు తలచుకుంటే పాటకు బదులు భయం గుర్తుకు రావాలని. వాళ్ల కోరిక ఇన్నేళ్లూ నెరవేరుతూనే ఉంది. అందుకు సాయపడినవారిలో పాట పేరు చెప్పుకుని గద్దెనెక్కినవారు కూడా ఉన్నారన్నదే మా ఆవేదన.

ఆ గొంతు ఎక్కడ తయారైందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసినవారికి ఆ హోరు తెలుసు. పక్కనే నిలబడిన మనిషికి మాట వినిపించాలన్నా గొంతు చించుకోవాలి. షిఫ్టు దిగేసరికి జుట్టు మీద, కనుబొమల మీద, ముక్కుపుటాల్లో దూది నూగు పేరుకుని ఉంటుంది. దగ్గితే బయటికి వచ్చేదీ అదే. ఆ షెడ్డులో నిలబడి రోజంతా తెగిన పోగులు కలిపిన ఆడమనిషి, సాయంత్రం గేటు ముందు మైకు లేని మీటింగులో గొంతెత్తితే చివరి వరుసకు వినిపించిందంటే ఆశ్చర్యం లేదు. సంగీతం నేర్పిన గురువు లేడు, స్టూడియో లేదు, క్యాసెట్ కంపెనీ లేదు. నాట్లలో, బతుకమ్మలో, కల్లాల దగ్గర అప్పటికే జనం నాలుకమీద ఉన్న బాణీని తీసుకుని, అందులో కూలి రేటు, తాగునీళ్ల కరువు, కొలువుల్లో జరిగిన మోసం పెట్టి పాడడం ఆ తరం కళాకారుల పద్ధతి. వినేవాళ్లకు బాణీ ముందే తెలుసు కాబట్టి రెండో చరణానికల్లా ఊరు ఊరంతా కోరస్ అయ్యేది. పాటలో ప్రమాదం ఎక్కడుందో దొరలకూ, దొరల కొలువు చేసేవాళ్లకూ అందరికన్నా ముందు అర్థమైంది.

కాలం కూడా చూడాలి. 1997 మార్చి 8, 9 తేదీల్లో ఇదే భువనగిరిలో ‘దగాపడ్డ తెలంగాణ’ సభ జరిగింది. చల్లారిపోయిందనుకున్న ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్షకు మళ్లీ అగ్గి రాజేసిన సభ అది. నెల తిరక్కుండానే ఏప్రిల్ 6న గద్దర్‌పై కాల్పులు జరిగాయి. ఆ తూటాల్లో ఒకటి 2023 ఆగస్టులో ఆయన కన్నుమూసేదాకా ఒంట్లోనే ఉండిపోయింది. రెండేళ్లకు లలిత. 2000లో పౌరహక్కుల నాయకుడు పురుషోత్తం. 2001లో నల్లగొండలో మరో పౌరహక్కుల నాయకుడు ఆజం అలీ. ఒక్కొక్క హత్యకూ ఒక్కొక్క కారణం ప్రచారంలోకి వచ్చింది గాని, వరుస మాత్రం ఒకటే. పాటగాడి మీద తూటా పేల్చినవాడికి ఏమీ కాలేదన్న ధైర్యంతోనే పాటగత్తె మీదికి కత్తి లేచింది. పాటగత్తెను ముక్కలు చేసినా ఏమీ కాలేదన్న ధైర్యంతోనే పౌరహక్కుల నాయకుల మీదికీ వచ్చింది. మొదటి నేరాన్ని తేల్చని రాజ్యం రెండో నేరానికి దారి వేసినట్టే. అప్పటి ప్రభుత్వం ఆ దారి వేసింది. ఆ తర్వాతి ప్రభుత్వాలు దాన్ని మూసే పని చేయలేదు.

ఈ హత్యలో ప్రధాన నిందితుడిగా అందరి నోటా నానిన గ్యాంగ్‌స్టర్ నయీం 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు. డైరీలు దొరికాయన్నారు, గుట్టలకొద్దీ భూమి పత్రాలు దొరికాయన్నారు. 2017లో కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు, ఆ తర్వాత ఆ సస్పెన్షన్లూ ఎత్తివేశారు. లలిత తోబుట్టువులు ఊరు విడిచి, ఏళ్ల తరబడి అజ్ఞాతంగా బతికి, అతను చనిపోయాక గాని బయటికి వచ్చి నోరు విప్పలేకపోయారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఒక గాయని కుటుంబం సొంత రాష్ట్రంలో, సొంత జిల్లాలో మొహం చూపించడానికి ఒక మనిషి చావు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 2014 జూన్ 2 వారికి ఆ ధైర్యం ఇవ్వలేకపోయింది. రాష్ట్రావతరణ గురించి ఎంత గొప్పగా మాట్లాడుకున్నా ఈ ఒక్క నిజం ముందు మాట తడబడాలి.

హంతకుడే పోయాడు, ఇంక తవ్వుకోవడం ఎందుకని అనేవారున్నారు. పాట జనానిది, దానికి ఒక పేరూ ఒక విగ్రహమూ అక్కర లేదనేవారూ ఉన్నారు. మొదటి మాట చెప్పేవారు హంతకుడు ఒక్కడే అని ఎలా నిర్ధారించారో చెప్పాలి. చేతులు ఎవరివో తెలిసింది, వాటి వెనకున్న నోరు ఎవరిదో తెలియలేదు. ఆ మాట చెప్పగలిగినవాడు తూటాకు పోవడంతో జవాబు కూడా అతనితోనే పోయింది. ఎన్‌కౌంటర్ కేసును మూసింది గాని న్యాయం చేయలేదు. ఇక రెండో మాట. పాట జనానిదే. అయితే ఆ మాట లలిత దగ్గర మాత్రమే గుర్తుకు రావడం దేనికి?

ఎందుకు అడుగుతున్నామంటే, మిగతావారి దగ్గర ఏ ప్రభుత్వానికీ ఆ మాట గుర్తుకు రాలేదు. 2024 డిసెంబర్ 9న తెలంగాణ ప్రభుత్వం తొమ్మిది మంది కవులకు, కళాకారులకు, ఉద్యమకారులకు మూడు వందల గజాల స్థలం, కోటి రూపాయలు, తామ్రపత్రం ప్రకటించింది. గూడ అంజయ్య, గద్దర్, బండి యాదగిరి, అందెశ్రీ, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ, జయరాజు, పాశం యాదగిరి, ఎక్కా యాదగిరిరావు. అందరూ అర్హులే, ఆ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. కొందరికి ఆ గౌరవం చనిపోయాకే అందింది కూడా. మా ప్రశ్న ఆ జాబితాలో ఉన్నవారి గురించి కాదు. తెలంగాణ పాట కోసం ప్రాణమే పెట్టిన మనిషి పేరు అందులో ఎందుకు లేదు? అసలు తొమ్మిది పేర్లలో ఒక్క ఆడమనిషి పేరు ఎందుకు లేదు? బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నాం. ఆ పండుగ ఎవరి గొంతుల మీద నడుస్తుంది? నాటు వేసేటప్పుడు, పిల్లను ఊపేటప్పుడు, పెళ్లిలో అప్పగింతలప్పుడు, చావింట్లో శోకాలు పెట్టేటప్పుడు పాటను బతికించినవాళ్లు ఎవరు? జాబితా రాసిన బల్ల చుట్టూ ఈ ప్రశ్న వేసినవారు ఒక్కరూ లేకపోయారా?

ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. పదేళ్లు పాలించిన గత ప్రభుత్వం సాంస్కృతిక సారథి పెట్టి వందల మంది కళాకారులకు జీతాలిచ్చింది, మంచిదే. అయితే ఆ జీతంతో వారు ఊరూరా పాడింది ఎక్కువగా ప్రభుత్వ పథకాల పాట. 2023 జూన్‌లో నలభై నిండకముందే గాయకుడు సాయిచంద్ గుండె ఆగినప్పుడు, ఆయన నిర్వహించిన గిడ్డంగుల సంస్థ బాధ్యతను అదే ప్రభుత్వం ఆయన భార్యకు అప్పగించి కుటుంబాన్ని నిలబెట్టింది. అదీ మంచిదే. తలచుకుంటే ప్రభుత్వం ఎంత త్వరగా కదలగలదో అప్పుడు తెలిసింది. అంటే ఇన్నేళ్లూ లలిత విషయంలో లోపించింది అధికారం కాదు, నిధులు కాదు. తమ పార్టీ వేదిక మీద పాడినవారు ఒక లెక్క, ఆ పార్టీలు పుట్టకముందే పాడి పోయినవారు ఒక లెక్క. 2001 ఏప్రిల్‌లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టేనాటికి లలిత చనిపోయి దాదాపు రెండేళ్లు. ఆమె పాటకు ఎన్నికల గుర్తు లేదు, అందుకే ఆమెకు వారసులూ లేకపోయారు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఒకటి నిశ్శబ్దంగా జరుగుతోంది. విగ్రహం పదేళ్లు ఆలస్యమైనా పెట్టవచ్చు. పాట అలా ఆగదు. కాగితం మీద లేని పాట పాడినవారితోనే పోతుంది. అక్షరాలు రాసుకున్నా సగమే దొరుకుతుంది: ఎక్కడ ఊపిరి ఆపారు, ఏ మాటను సాగదీశారు, జనాన్ని చూసి అప్పటికప్పుడు ఏ ఊరి పేరు చేర్చారు, డప్పు ఎక్కడ ఆగి గజ్జె ఎక్కడ అందుకుంది, ఇవన్నీ ఆమె పక్కన నిలబడి కోరస్ ఇచ్చినవారి చెవుల్లోనే ఉన్నాయి. అప్పుడు ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న ఆ సహచరులకు ఇప్పుడు యాభై, అరవై దాటాయి. ఇంకో పదిహేనేళ్లు పోతే అడగడానికి ఎవరూ మిగలరు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు లాంటివారు ఊళ్లు తిరిగి జానపద గేయాలకు విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించిన నేల ఇది. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. రాష్ట్రానికి సాహిత్య అకాడమీ ఉంది, భాషా సాంస్కృతిక శాఖ ఉంది. ఒక రికార్డరు, ఇద్దరు పరిశోధకులు, ఒక వేసవి చాలు. భువనగిరి చుట్టూ తిరిగి, ఆమెతో పాడినవారిని కూర్చోబెట్టి, గుర్తున్నది గుర్తున్నట్టు పాడించి దాచవచ్చు. ఎవరి దగ్గరైనా పాత క్యాసెట్ టేపు అరిగిపోతూ ఉంటే దాన్ని వెంటనే డిజిటల్ రూపంలోకి మార్చవచ్చు. ఇది కోట్లతో జరిగే పని కాదు, మనసుతో జరిగే పని.

ఇవాళ తెలంగాణ పల్లె పాటకు యూట్యూబ్‌లో లక్షల్లో, కోట్లలో వ్యూస్ వస్తున్నాయి. ఊరి ఆడపిల్ల లంగా ఓణీ వేసుకుని కెమెరా ముందు నిలబడి పాడితే అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవారు ఫోన్లలో చూసి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. ఆ పిల్లకు ఇంట్లోవాళ్లు అడ్డు చెప్పడం లేదు, పైగా ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు. ఆడది గజ్జె కట్టి పదిమందిలో పాడడం తప్పని ఊరు మొత్తం అనుకున్న రోజుల్లో, తెలంగాణ అన్న మాటనే నేరంలా చూసిన రోజుల్లో, రాత్రి సభ ముగిశాక ఇల్లు చేరతామో లేదో తెలియని రోజుల్లో పాడినవారు వేసిన బాట మీదే ఆ పిల్ల నిలబడి ఉంది. లలిత నిజమైన వారసత్వం అదే. ఆ పిల్లకు ఆ సంగతి తెలియకుండా పెంచుతున్నది మాత్రం మనమే.

ప్రభుత్వం ముందు మేము పెడుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. ఆమె పాటలను సేకరించి ప్రచురించాలి. తొమ్మిది మందికి ఇచ్చిన గౌరవాన్ని ఆమెకూ ఇవ్వాలి, ఆమె కుటుంబం ఇన్నేళ్లూ దాక్కుని బతికినందుకు ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పి మరీ ఇవ్వాలి. సిట్ సేకరించిన సమాచారంలో ఈ హత్యకు సంబంధించి ఏముందో ప్రజల ముందు పెట్టాలి. అధికారంలో ఉన్నవారు ఇది పాత పాలకుల హయాంలో జరిగిందని తప్పించుకోవద్దు, పాత పాలకులు ఇప్పుడు కొత్తగా లలిత మీద ప్రేమ ఒలకబోయవద్దు, పదేళ్లు వారి చేతిలోనే ఉన్నాయి. కవులు, కళాకారుల సంఘాలు కూడా తమ వంతు తప్పు ఒప్పుకోవాలి: పదవుల కోసం, ప్లాట్ల కోసం సెక్రటేరియట్ మెట్లెక్కినప్పుడు ఈ పేరు ఎంతమంది ఎత్తారు? పత్రికలమూ మినహాయింపు కాదు. ఏటా మే 26న ఆ పదిహేడు అంకెతో శీర్షిక పెట్టి చేతులు దులుపుకున్న పాపంలో మాకూ భాగం ఉంది, ఈ సంపాదకీయం శీర్షికలో కూడా ఆ అంకె ఉంది.

వచ్చే జూన్ 2న వేదిక ఎక్కి పాటల తెలంగాణ అని గొంతు చించుకోబోయే ప్రతి నాయకుడూ, మైకు అందుకునే ముందు, బెల్లి లలిత పాడిన పాట ఒక్కటి, కనీసం రెండు చరణాలు నేర్చుకుని రావాలి. అది చేతకానివారు ఆ రోజు పాట ఊసెత్తకుండా జెండా ఎగరేసి దిగిపోవాలి.