ముప్పయ్యేళ్ళు దాటితే లాడ్జి కూలిపోతుందా?

బెంగళూరులో ఉండే మా అక్క కొడుకు పోయిన వారం వాట్సాప్‌లో ఒక మెసేజీ పంపించి, ‘మామా, ఇది నిజమేనా? పెండ్లికి వచ్చేవాళ్ళకు రూములు ఎక్కడ తీసేది?’ అని అడిగాడు. అప్పటికే అది మా వీధి గ్రూపులోనూ, ఆఖరికి భజన గ్రూపులోనూ తిరుగుతా ఉంది. దాంట్లో ఉన్నది ఇదీ: తిరుపతిలో లైసెన్సున్న లాడ్జీలన్నీ ముప్పయ్యేళ్ళు దాటిన శిథిలాలు. లైసెన్సు ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది, మళ్ళీ ఎవరూ తొంగి చూడరు. స్టార్ లేని హోటలంటే ప్రభుత్వం పనికిరాదని పక్కనబెట్టినదే. కాబట్టి కొత్త అపార్ట్‌మెంటులో ఫ్లాటు మాట్లాడుకుని దిగండి. కింద, పెచ్చులూడి కమ్ములు బయటపడిన మిద్దె ఫొటో ఒకటి.

నేను ఈ ఊళ్ళో ఇరవయ్యారేళ్ళుగా వైరింగు పని చేస్తున్నాను. లాడ్జీల పని నాకు కూడు పెడుతోంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ ఎత్తిపొడవరు.

మొదట ఫొటో. మిద్దె వెనకాల పడవ ముక్కు ఒకటి కనిపిస్తోంది, చూశారా? తిరుపతిలో తెప్పోత్సవం నాడు కోనేట్లో తప్ప పడవ ఎక్కడిది? ఉప్పుగాలికి కమ్మి తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును తన్నేసిన సముద్రం పక్క కట్టడం అది. మన దగ్గర మిద్దెలు పాడయ్యేది వేరే రకంగా. పైన నీళ్ళ ట్యాంకు కారుతుంది, బాత్రూం పైపు లోపల పగులుతుంది, ఓనరు దాని మీద సున్నం కొట్టిస్తాడు.

‘అన్నీ పాతవే’ అన్నది సగం కళ్ళతో చూసిన మాట. రైల్వే స్టేషను చుట్టూ, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో పాతవి ఎక్కువ, నిజమే. భక్తులు రైలు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచొచ్చే దూరంలోనే ఆ రోజుల్లో లాడ్జీలు కట్టారు. అలిపిరి పక్కకో, రేణిగుంట రోడ్డుకో పోతే కట్టినవన్నీ మొన్న మొన్నటివి. పోనీ, పాతదైతే ఏం? ముంబైలో తాజ్‌మహల్ హోటల్ తెరిచింది 1903లో. 2008 దాడిలో కాలిన భాగాన్ని కూడా బాగు చేసి మళ్ళీ తెరిచారు. ఈ రోజుకీ దాంట్లో జనం దిగుతున్నారు.

లాడ్జి గుండె మెయిన్ బోర్డు. పాత రోజుల్లో రూముకు ఒక ఫ్యాను, ఒక ట్యూబు లైటు, బాత్రూంలో ఒక బల్బు. అన్నీ కలిపినా 175 వాట్లు దాటవు. ఇప్పుడు అదే రూములో టన్నున్నర ఏసీ, గీజరు. రెండూ కలిసి నడిస్తే సుమారు 3,500 వాట్లు, అంటే ఇరవై రెట్లు. గోడలో వైరు మాత్రం అప్పటిదే అయితే? ఏసీకీ గీజరుకూ విడివిడిగా లావు వైరు లాగిన పాత లాడ్జి నిక్షేపంగా ఉంటుంది. లాగనిది ఏ రోజుకైనా ప్రమాదమే. దీనికి భవనం వయసుతో పని లేదు.

నాలుగేళ్ళ కిందట కట్టిన ఒక లాడ్జికి నన్ను పిలిచారు, పేరెందుకు లెండి. ‘మూడో అంతస్తులో కాలిన వాసన వస్తోందన్నా’ అన్నాడు రూంబాయ్. బోర్డు విప్పితే, ఏసీ, గీజరు రెండూ ఒకటిన్నర ఎంఎం సన్న వైరు మీదే ఉన్నాయి. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే బ్రేకరు ఊరికే పడిపోతోందని ఎవడో మహానుభావుడు దాన్ని తీసేసి, ఆ వైరు తట్టుకోలేనంత పెద్దది, 32 ఆంప్స్‌ది పెట్టాడు. బ్రేకరు పడిపోవడం మానేసింది, వైరు కాలడం మొదలుపెట్టింది. బయట మాత్రం గ్లాసు తలుపులు, రిసెప్షనులో వెంకన్న పెద్ద పటం.

లైసెన్సు మాట. అది ఒక కాగితం కాదు. కార్పొరేషను ట్రేడ్ లైసెన్సు ఒకటి, అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ ఒకటి, కింద టిఫిన్లు పెడితే ఆహార భద్రత లైసెన్సు ఇంకొకటి. ట్రేడ్ లైసెన్సుకూ ఎన్‌ఓసీకీ గడువులుంటాయి, రెన్యువల్ చేయించుకోవాల్సిందే. జీవితాంతం అన్నది శుద్ధ అబద్ధం. కానీ కాగితం ఉందని గుడ్డిగా నమ్మమని నేనూ చెప్పను. ఈ ఒక్క చోట మెసేజీ రాసినాయన అనుమానంలో న్యాయముంది. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో 2019 ఫిబ్రవరి 12న హోటలు కాలి 17 మంది పోయారు. ఆ హోటలుకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉండింది, రద్దు చేసింది ప్రమాదం జరిగాకే. సికింద్రాబాదులో 2022 సెప్టెంబరు 12న సెల్లారులో ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే, పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. అందుకే నేను ఏ ఊళ్ళో దిగినా మంచం చూడకముందు మెట్లు చూస్తాను. రెండో దారి ఉందా, ఉంటే దానికి తాళం వేసి పరుపులు పేర్చారా?

స్టార్ సంగతి చిన్నది. పర్యాటక శాఖ ఇచ్చే ఆ గుర్తింపు కావాలంటే హోటలు వాళ్ళే దరఖాస్తు పెట్టుకోవాలి, బలవంతం లేదు. మామూలు లాడ్జీలు అసలు అడగనే అడగవు. అడగనివాణ్ణి తిరస్కరించారని ఎట్లా అంటారు?

ఇంక ఆ అపార్ట్‌మెంటు సలహా! నాకు ఒళ్ళు మండింది దీనికే. సంసారం ఉండే ఇంటికని వేసిన వైరింగు, ఇంటి మీటరు. ముగ్గురుండే ఫ్లాటులో బ్రహ్మోత్సవాలప్పుడు పన్నెండు మంది. తెల్లవారుజామున దర్శనానికని అందరి గీజర్లూ ఒకేసారి. పొగొస్తే మోగే గంట లేదు, రాత్రి కింద మేలుకునుండే మనిషి లేడు, ఎవరు దిగారో రాసిన రిజిస్టరూ లేదు. అన్నీ సరిగా పెట్టుకుని నడిపేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను నేనేమీ అనను. కానీ లైసెన్సు మీద నమ్మకం లేదని, లైసెన్సే లేని చోటికి పొమ్మనడం ఎక్కడి తెలివి?

మావాడికి ఫోన్ చేసి, స్టేషను దగ్గరి పాత లాడ్జి ఒకటి చెప్పాను. రెండో అంతస్తులో, మెట్లకు దగ్గరగా ఉండే రూములు అడగమన్నాను.

‘పాతది కదా మామా, ఏసీ సరిగా పనిచేస్తుందా?’ అన్నాడు.

‘చేస్తుందిరా. పోయినేడు ఆ బోర్డు మార్చింది నేనే.’