ఆఖరి పందెం గారికి ఒక ప్రేక్షకుడి లేఖ

అయ్యా ఆఖరి పందెం గారూ,

నమస్కారం. నిన్న రాత్రి మీ సినిమా ఇంకోటి చూశాను. పేరెందుకులెండి, జూదం మీద ఎవరు సినిమా తీసినా అందులో హీరో మీరేగా. పోస్టరు మీద ఉండే అతను మీ పక్కన నిలబడి చెమటలు కక్కే మనిషి, అంతే.

"ఇదొక్కటే, మళ్ళీ జన్మలో ఆడను" అని అతను అనగానే మీరు ప్రవేశిస్తారు. సంగీతం ఆగిపోతుంది. బల్ల చుట్టూ అందరూ ఊపిరి బిగబడతారు. ఒక్క ముక్క తిరగడానికి దాదాపు నిమిషం పడుతుంది. పేకాటలో అన్నిటికన్నా పెద్ద చెయ్యి రాయల్ ఫ్లష్. ఐదు ముక్కల్లో అది పడే అవకాశం 6,49,740లో ఒకటి. నిమిషానికో ఆట చొప్పున, నిద్రాహారాలు మాని పంచుతూ కూర్చుంటే సగటున 451 రోజులకు ఒకసారి పడాలి. మీ సినిమాల్లో మాత్రం ఇంటర్వెల్ అయిన గంటలోపే పడుతుంది. హీరోకి పడకపోతే ఎదుటివాడికి పడుతుంది. మీ పలుకుబడి అలాంటిది!

మీ విలన్ల గురించి ఒక మాట. నల్ల కళ్ళద్దాలు, పక్కన ఇద్దరు బండమనుషులు, అప్పు కట్టకపోతే వేళ్ళు విరిచే పద్ధతి. బాగానే ఉంటాడు. అసలు విలన్ మాత్రం రూలెట్ చక్రంలో, అదే బంతి ఏ అంకె గడిలో ఆగుతుందా అని పందెం కాసే చక్రంలో, కూర్చుని ఉంటాడు. యూరప్ తరహా చక్రంలో గళ్ళు 37, ఒక అంకె మీద గెలిస్తే ఇచ్చేది మన పందెం డబ్బు, దాని మీద ఇంకో 35 రెట్లు. ఆ తేడా డబ్బులతోనే ఆ జూదశాల భవనం లేచింది, ఆ దీపాలు వెలుగుతున్నాయి. వంద పెడితే సగటున 2.70 వాళ్ళది. మోసం అక్కర్లేదు, చిన్నప్పటి లెక్కల పుస్తకం చాలు. ఇంత నీరసమైన విలన్‌కి డేట్లు ఎవరిస్తారు లెండి.

1913 ఆగస్టు 18న మాంటే కార్లో జూదశాలలో రూలెట్ బంతి వరుసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది. నలుపు వస్తున్నకొద్దీ జనం ఎరుపు మీద కుమ్మరించారు, ఇంకెంతసేపు రాకుండా ఉంటుందని. ఆ రాత్రి ప్రతి జేబులోనూ మీరే ఉండి ఉంటారు. పాపం, బంతికి వెనకటి సంగతులేవీ గుర్తుండవు.

మన ధర్మరాజు మీకు బాగా దగ్గరివాడు. రాజ్యం పోయింది, తమ్ముళ్ళు పోయారు, తనూ పోయాడు, ద్రౌపదినీ ఒడ్డాడు. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేశాడు. సినిమా అయితే అక్కడ శుభం కార్డు వేసేస్తారు. ఈయన్ని దారిలోంచి మళ్ళీ పిలిస్తే, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు! 12 ఏళ్ళ అడవీ, ఏడాది అజ్ఞాతమూ ఆ రెండో ఆట బాకీయే. అంతా తిరిగొచ్చినవాడు కూడా మళ్ళీ కూర్చుంటాడని వ్యాసుడికి తెలుసు. మీ దర్శకులకు ఎవరైనా చెప్పాలి.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగాల పుస్తకంలో జూదాన్ని మద్యం, మత్తుమందుల వరసలో చేర్చింది. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి ఇంకోరోజు మళ్ళీ వెళ్ళడం అందులో రాసిన లక్షణాల్లో ఒకటి. పోయినచోటే వెతుక్కోమని సామెత కట్టినవాళ్ళు, దాన్ని మీరింత శ్రద్ధగా పాటిస్తారని అనుకుని ఉండరు.

ఇక భార్య. ఆవిడకు రెండే సీన్లు: అర్ధరాత్రి తలుపు తీయడం, చివర్లో సూట్‌కేసు సర్దుకోవడం. నాకు కావలసిన సినిమా ఆ రెండిటి మధ్యే ఉంది. గొలుసేదని ఆవిడ అడిగితే మెరుగు పెట్టడానికి ఇచ్చానని అతను చెప్పడం. పిల్లాడి ఫీజు కట్టేశానన్నవాడు, బడి నుంచి ఫోనొస్తే వరండాలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడటం. అప్పిచ్చిన బావమరిది ఎదురొస్తుంటే రోడ్డు దాటేయడం. వీటికి స్లో మోషన్ కూడా అక్కర్లేదు, మామూలుగానే ఏళ్ళ తరబడి నడుస్తాయి. కాకపోతే వీటిలో మీకు వేషం ఉండదు. అందుకే తీయనివ్వరేమో.

ఇట్లు,
ముక్క తిరిగేదాకా ఊపిరి బిగబట్టిన ఒక ప్రేక్షకుడు

తా.క.: నిన్నటి సినిమాలో హీరో సర్వం పోగొట్టుకుని వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జూదం కొంపలు ముంచుతుందని చెప్పడానికే తీశారట. లైట్లు వెలిగాక నా పక్కనున్న స్నేహితుడు కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మెట్లు దిగుతూ మాత్రం, "ఆ రాణిని పారేయకుండా ఉండాల్సింది రా" అన్నాడు.